పన్నెండు ఎలక్ట్రాన్లు ఆగిపోయిన చోటు చూడబోయి

విశాఖపట్నం వెళ్ళొచ్చినవాళ్ళందరూ సముద్రం గురించి చెబుతారు. నేను 2009 ఫిబ్రవరి 16, సోమవారం బయల్దేరి 20, శుక్రవారం తిరిగొచ్చాను. సముద్రం దగ్గర గడిపింది గంటా పది నిమిషాలు. మిగతా కాలమంతా, కంటికి కనపడని ఒక వస్తువు ఎలా నడుస్తుంది, ఎక్కడ ఆగుతుంది అన్న తగువులో గడిచిపోయింది. కనుక అలల కోసం ఇది చదవబోయేవాళ్ళు ఇక్కడితో ఆపేస్తే వాళ్ళకీ మంచిది, నాకూ మంచిది.

నాది నరసాపురం. వయసు అరవై తొమ్మిది. ముప్పై ఒక్క ఏళ్ళు లేసు తనిఖీ చేశాను. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు ఇళ్ళ దగ్గర అల్లి తెచ్చిన ముక్కల్ని బల్ల మీద పరిచి, గళ్ళు లెక్కపెట్టి, కూలి చీటీ రాయడం నా పని. గడికి ఇంత అని కూలి. అందుకని లెక్క దగ్గర నాకు చుట్టాలూ స్నేహితులూ ఉండేవారు కారు.

నా తమ్ముడు రామ్మూర్తి ఇరవై రెండేళ్ళ క్రితం ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం వచ్చి విశాఖ వెళ్ళిపోయాడు. అతని కూతురు వాసంతి అక్కడి విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. ఇది ఆరో ఏడు. డిసెంబరులో ఫోన్ చేసింది.

"అత్తా, ఆరు మూలల గళ్ళతో రెండు లేసులు అల్లిపెట్టాలి. రెండూ అచ్చం ఒకేలా ఉండాలి."

"టీవీ మీద కప్పడానికా?"

"పీహెచ్‌డీకి."

మా రోజుల్లో లేసు పెట్టి పెళ్ళిళ్ళు చేసేవాళ్ళు గాని పీహెచ్‌డీలు చేసేవాళ్ళు కాదు. అయినా అల్లాను. మధ్యలో ఒక గడి, దాని చుట్టూ ఆరు, ఆ చుట్టూ పన్నెండు, ఇలా ఇరవై వరసలు. ఒక్కో లేసుకు వెయ్యిన్ని రెండు వందల అరవై ఒక్క గళ్ళు. రెండింటికీ కలిపి నలభై ఏడు రోజులు పట్టింది.

రైల్లో

నిడదవోలులో రైలు మారాక ఎదురుగా ఒకావిడ కూర్చుంది. పేరు పైడితల్లి. అనకాపల్లి వైపు మనిషి, ఎండు రొయ్యల మూటతో వెళుతోంది. నా ఒళ్ళో సంచి చూసి ఊరుకోలేకపోయింది.

"ఏటమ్మా, ఆ సంచిలో ఏటుంది? అలగ సంటిపిల్లని ఎట్టుకున్నట్టు ఒళ్ళో ఎట్టుకున్నారు."

"లేసు."

"పెళ్ళికేటి?"

"ఎలక్ట్రాన్లకి."

"కరెంటోళ్ళకా. ఆళ్ళకి లేసెందుకమ్మా, తీగలు సరిగ్గా ఏస్తే సాలదేటి."

ఆ మాట తర్వాత చాలామంది చదువుకున్నవాళ్ళ మాటలు విన్నాను. ఇంతకంటే సూటిగా ఎవరూ మాట్లాడలేదు.

ఆవిడ చిన్న బెల్లం ముక్క విరిచి నా చేతిలో పెట్టి, ఆ తర్వాత నా పేరు అడిగింది. మా వైపు ముందు ఇంటిపేరు అడిగి, సంబంధాలు తేల్చుకుని, అప్పుడు తినమంటారు. మా పద్ధతిలో బెల్లం చాలా ఆదా అవుతుంది.

తుని దగ్గర ఓ కునుకు తీశాను. లేచి చూస్తే సంచి పక్క సీటులో ఉంది, దాని మీద రొయ్యల మూట ఉంది.

"మరేటి సేసీదమ్మా, సంచి జారిపోతంటే తీసి పక్కనెట్టాను. మూట కిందెడితే సీమలెక్కేత్తాయి. నిద్దరోతన్నారని లేపలేదు."

మర్యాదలో తప్పు పట్టడానికేమీ లేదు. లేసులు మాత్రం అప్పటినుంచి ఎండు రొయ్యల వాసన కొట్టాయి.

దువ్వాడ

స్టేషనుకు తమ్ముడు వచ్చాడు. ఆటో అతను అరవై అడిగాడు, నేను నలభై అన్నాను, తమ్ముడు సిగ్గుపడి ఎటో చూశాడు. నలభైకే వచ్చాడు. పరాయి ఊళ్ళో ఇరవై రెండేళ్ళు ఉంటే మనిషికి బేరమాడడం చేతకాకుండా పోతుంది.

"అక్కా, మన వాసంతి ఎలక్ట్రాన్లని ఆపేసిందే," అన్నాడు దారిలో.

"వాటి దారిన వాటిని పోనివ్వక ఎందుకు ఆపింది?"

"అదే గొప్పంట. ప్రపంచంలో ఎవరికీ ఆగలేదంట."

క్వార్టర్సులో అప్పటికే మూడు వరసల ఇళ్ళకు మాడుగుల హల్వా పంచాడట. గురువారం నాడు వాసంతి తన పరిశోధన గురించి అందరి ముందు మాట్లాడాలి. హైదరాబాదు నుంచి ఒక పెద్దమనిషి వస్తాడు. ఆయన సరేనంటే మార్చిలోగా థీసిస్ ఇచ్చేయవచ్చు. థీసిస్ ఇచ్చినట్టు కాగితం చూపిస్తే సబ్బవరం దగ్గర కొత్త కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం ఖాయం. కాగితం లేకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. ఇరవై ఎనిమిదేళ్ళ పిల్లకు ఆరేళ్ళ చదువు ఆ ఒక్క గురువారం మీద ఆగింది. అది నాకు బాగా అర్థమైంది. మిగతాది మర్నాడు అర్థమైంది.

విశ్వవిద్యాలయం, మంగళవారం

క్యాంటీన్లో ఇడ్లీ ప్లేటు పది రూపాయలు. చట్నీ పల్చన, సాంబారు తీపి. తింటూ వాసంతి చెప్పింది ఇది.

పెన్సిల్లో ఉండే నల్లటి పదార్థం పొరలు పొరలుగా ఉంటుంది. ఒక్క పొరను విడదీస్తే దాని మందం ఒక్క పరమాణువు. ఆ పొర ఆరు మూలల గళ్ళతో అల్లిన తేనెపట్టు. గడి మధ్యలో ఖాళీ, మూలకో పరమాణువు. ఒక్కో మూల మూడు గళ్ళకు ఉమ్మడి కాబట్టి, పంచితే గడికి రెండు పరమాణువులు వస్తాయి. ఈ పొరలో ఎలక్ట్రాన్ బరువే లేనట్టు పరుగెడుతుంది. దాని మీద ఇంకో పొర వేసి కొంచెం తిప్పితే, రెండు అల్లికలూ కలిసి కొత్తగా పెద్ద పెద్ద పువ్వులు కనపడతాయి. దోమతెర రెండు మడతలు పడ్డచోట చారలు కనపడవూ, అలాగ. అప్పుడు ఎలక్ట్రాన్ చిన్న గళ్ళను పట్టించుకోవడం మాని పువ్వుల వెంట నడుస్తుంది. తిప్పిన కోణం ఎంత చిన్నదైతే పువ్వు అంత పెద్దది, నడక అంత నెమ్మది.

"నెమ్మదిస్తుందని వేరేవాళ్ళు లెక్కవేశారు అత్తా. మాకు పూర్తిగా ఆగిపోయినవి వచ్చాయి. ఏడు డిగ్రీల ఇరవై నిమిషాల దగ్గర. పువ్వుకి పన్నెండు."

లేబులో చెక్క చట్రానికి నా లేసులు రెండూ తగిలించింది. పై లేసును కొద్దికొద్దిగా తిప్పింది. ఏడు డిగ్రీల ఇరవై నిమిషాల దగ్గర పువ్వులు వరసగా తేలాయి. నలభై ఏడు రోజులు అల్లిన నాకే ఆ పువ్వులు అందులో ఉన్నాయని తెలియదు. తర్వాత అలవాటు చొప్పున సూది మొనతో ఒక పువ్వుకు గళ్ళు లెక్కపెట్టుకున్నాను. అరవై ఒకటి. ఒకటి, ఆరు, పన్నెండు, పద్ధెనిమిది, ఇరవై నాలుగు; సరిపోయింది. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.

వాసంతి పరిశోధనకు గైడు గారు వచ్చారు. ముందు ముక్కు ఎగబీల్చారు.

"ఏదో వాసన వస్తోందేంటి?"

"సముద్రం దగ్గర కదండీ," అన్నాను.

ఆయన చాలా సంతోషంగా ఉన్నారు. "మీ మేనకోడలి లెక్కలో పువ్వుకి రెండొందల యాభై ఆరు పరమాణువులు వచ్చాయమ్మగారూ. రెండుని ఎనిమిదిసార్లు వేసి హెచ్చిస్తే వచ్చే సంఖ్య అది. కంప్యూటర్‌కి ప్రాణం. అంటే ప్రకృతి కూడా కంప్యూటర్ భాషే మాట్లాడుతోందన్నమాట."

ప్రకృతి భాష నాకు రాదు. మా తనిఖీ బల్ల దగ్గర మాత్రం అందమైన అంకె కనపడితే ముందు ఆ ముక్కనే విప్పి చూసేవాళ్ళం.

గోపాలపట్నం

సాయంత్రం గోపాలపట్నం బజారుకు వెళ్ళాం. గురువారం లేసుల పక్కన కట్టే ఫ్లెక్సీ అక్కడ ఒక దుకాణంలో అచ్చవుతోంది. చదరపు అడుగు పది రూపాయలు. మా ఊళ్ళో పన్నెండు. ఈ ఒక్క విషయంలో విశాఖ గెలిచింది. దుకాణం నిండా పుట్టినరోజు నాయకుల మొహాలు. వాళ్ళ మధ్య మా ఎలక్ట్రాన్లు.

ఫ్లెక్సీ మీద ఇలా ఉంది: ఒక పువ్వుకు 64 గళ్ళు. రెండు పొరల్లో 256 పరమాణువులు. వీటిలో 12 ఎలక్ట్రాన్లు కదలవు.

"అరవై ఒకటి కదా," అన్నాను.

వాసంతి నవ్వింది. "కంప్యూటర్ ఒప్పుకున్న లెక్క అత్తా."

"కంప్యూటర్‌కి గళ్ళు లెక్కపెట్టి ఇచ్చిందెవరు?"

"నేనే. నలుపలకల ముక్క తీసుకున్నాను, పువ్వు మధ్య నుంచి పక్క పువ్వుల మధ్యకి. ఆ ముక్కని నాలుగు వైపులా అతికించుకుంటూ పోతే మొత్తం పొర వస్తుంది. లోపల అరవై గళ్ళు, మూలల్లో నాలుగు. మొత్తం అరవై నాలుగు."

"నాలుగు మూలల్నీ లెక్కపెట్టావా?"

"మూలలు ముక్కలో ఉన్నాయి కదా?"

మా వృత్తిలో ఇది మొదటి రోజు నేర్పే పాఠం. ముక్కకు ముక్క అతికించే అల్లికలో మూల గడి నాలుగు ముక్కలకూ ఉమ్మడి. నాలుగు ముక్కలూ దాన్ని తమదంటే, ఒక గడికి నాలుగు గళ్ళ కూలి పోతుంది. కాబట్టి ముక్కకు ఒక మూలే లెక్క. పరమాణువుల్ని మూడు గళ్ళకు చక్కగా పంచిపెట్టిన పిల్ల, మూలల్ని నాలుగు ముక్కలకు పంచడం మరిచిపోయింది.

సంచిలో ఉన్న కరెంటు బిల్లు తీసి, దాని వెనక బొమ్మ గీసి చూపించాను. వాసంతి బిల్లు వైపు చాలాసేపు చూసింది. తర్వాత నెమ్మదిగా వేళ్ళు ముడిచింది.

"మూడు గళ్ళు ఎక్కువ. గడికి రెండు పరమాణువులు, ఆరు. రెండు పొరలు," అంది. ఫ్లెక్సీ వైపు చూసింది. అక్కడ పన్నెండు అంకె అరచేయంత ఉంది.

ఒకే చోట ఒకే పరమాణువును నాలుగేసిసార్లు పెడితే ఏమవుతుందో తర్వాత చెప్పింది. అదనంగా పెట్టినవాటికి వెళ్ళడానికి చోటు ఉండదట. లెక్కలో అవి కదలకుండా నిలబడతాయి. ప్రపంచంలో ఎవరికీ ఆగని ఎలక్ట్రాన్లు మా వాసంతికి ఎందుకు ఆగాయో అక్కడ తేలిపోయింది.

దుకాణం అతను తొందరపెట్టాడు. "ఏటి మేడమ్, అచ్చైపోనాది. మార్సాలంటే మళ్ళీ నూట ఎనబై అవుతాది. మూడు గళ్ళే కదా, ఎవులు సూత్తారు."

వాసంతి డబ్బులిచ్చి ఫ్లెక్సీ చుట్టించుకుంది. బస్సులో ఒక్క మాటే అంది.

"నువ్వు పోస్టులో పంపించి ఉంటే బాగుండేది అత్తా."

ఇంట్లో తమ్ముడికి విషయం తెలిసింది. "లేసు పట్టుకు రమ్మంటే లెక్క పట్టుకొచ్చావేంటే అక్కా. రెండు రోజులు నోరు కట్టుకుంటే పిల్లకి ఉద్యోగం వచ్చును కదే." హల్వా తిన్న మూడు వరసల ఇళ్ళూ అతని కళ్ళముందు మెదులుతున్నాయి. మరదలు నాకు పెరుగు ఒక గరిటె తక్కువ వేసింది.

గైడు గారి గది, బుధవారం

ఆయన కరెంటు బిల్లును అటూ ఇటూ తిప్పి చూశారు.

"అమ్మగారూ, లేసు వేరు, పరమాణువుల అల్లిక వేరు."

"గళ్ళు ఒకటేనని మీరే కదండీ లేసు అల్లించారు."

ఆయన బిల్లును బల్ల మీద పెట్టేశారు. తర్వాత వాసంతితో ఇంగ్లీషులో కొంత, తెలుగులో కొంత మాట్లాడారు. ఇంగ్లీషు ముక్కలు ధైర్యానికి, తెలుగు ముక్కలు పనికి. తెలుగులో చెప్పింది ఇది: రేపు పాత బొమ్మే చూపించు. ఉద్యోగంలో చేరాక నిదానంగా సరిచేసుకోవచ్చు. అరవై నాలుగు గళ్ళా, అరవై ఒక్క గళ్ళా అని ఎవరు లెక్కపెడతారు?

"నేను పెట్టాను కదండీ," అన్నాను.

"మీరు కాక."

"నేను కాక ఎవరూ పెట్టకూడదనా?"

వాసంతి లేచింది. "సార్, మూడు మూలలు తీసేసి మళ్ళీ రన్ చేస్తాను. నాలుగు గంటలు పడుతుంది," అంది. ఆయన అనుమతి ఇవ్వలేదు, వద్దనీ అనలేదు. పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు ఇలా రెండు తలుపులూ ఓరగా తెరిచి ఉంచడం నేను మా ఊళ్ళోనూ చూశాను.

కంప్యూటరు లెక్క చేసుకుంటుంటే నన్ను సముద్రం దగ్గరకు తీసుకెళ్ళింది లేబు అటెండరు అప్పలరాజు. మురీ మిక్చరు పొట్లం పది రూపాయలు. ఉల్లిపాయ ఎక్కువ, నిమ్మకాయ తక్కువ. సముద్రం పెద్దదే.

"ముప్పై ఏళ్ళయినాదమ్మా నాను ఈ లేబులో సేత్తన్నాను," అన్నాడు. "ఒక్క ఎలట్రాను కూడా కళ్ళ పడ్లేదు. ఊడిస్తే దుమ్మే గాని అది రాదు. ఈ పాప ఆపేసిందంటే, పోన్లే, ఇప్పుడైనా సూద్దామనుకున్నాను."

"ఆగలేదట."

"అదే ఇన్నాను. తప్పని సెప్తే ఏటవుతాది?"

"ఏడాది పోతుంది. ఉద్యోగమూ పోతుంది."

"సెప్పకపోతే?"

"ఏమీ కాదు."

అతను పొట్లంలో ఆఖరి మరమరాలు దులుపుకుని నోట్లో వేసుకున్నాడు. "అదేనమ్మా కష్టం. ఏదన్నా అయ్యేదైతే బయపడైనా సెప్దుము."

నాలుగు గంటల పది నిమిషాలకు లెక్క పూర్తయింది. బొమ్మలో గీతకో ఎలక్ట్రాన్; గీత మెలిక తిరిగితే అది నడుస్తున్నట్టు, పడుకుంటే ఆగినట్టు. పాత బొమ్మలో మెలికలు తిరిగిన గీతల మధ్య పన్నెండు గీతలు బద్దపెట్టి గీసినట్టు ఒకదానిమీద ఒకటి అడ్డంగా, తిన్నగా పడుకుని ఉండేవి. కొత్త బొమ్మలో మెలికలు ఉన్నాయి, పడుకున్న గీత ఒక్కటీ లేదు. వాసంతి రెండు బొమ్మల్నీ పక్కపక్కన పెట్టుకుని కూర్చుంది. ఏడవలేదు. క్యారేజీ విప్పి, పొద్దుటి పులిహోర మొత్తం తినేసింది.

రేపు ఏ బొమ్మ చూపిస్తావని నేను అడగలేదు. అడిగితే అది నా జవాబు అవుతుంది.

సెమినార్ హాలు, గురువారం

హాజరు నలభై మూడు. అందులో పందొమ్మిది మంది సమోసా కోసం వచ్చారని సమోసాలు అయిపోయాక తెలిసింది. ఫ్లెక్సీ కట్టలేదు. లేసులు మాత్రం చట్రానికి ఉన్నాయి, వాసన కొంచెం తగ్గింది. గైడు గారు పరిచయం చేస్తూ "ఆసక్తికరమైన ఫలితాలు" అన్నారు. మంగళవారం నాడు అవి "ప్రపంచంలో మొదటిసారి"గా ఉండేవి. రెండు రోజుల్లో అంత దిగాయి.

వాసంతి పెన్సిలుతో మొదలుపెట్టింది. పొరలు, గళ్ళు, పువ్వులు. లేసు తిప్పి చూపించింది. హైదరాబాదు పెద్దమనిషి లేచి దగ్గరికొచ్చి చూసి మళ్ళీ కూర్చున్నాడు. తర్వాత తెర మీద పాత బొమ్మ వేసింది. పన్నెండు గీతలూ తిన్నగా పడుకుని ఉన్నాయి. గైడు గారి భుజాలు కొంచెం కిందికి దిగాయి. వెనక బల్ల మీద తమ్ముడు నా చెయ్యి నొక్కాడు.

"పద్నాలుగు నెలలుగా ఇవి కదలని ఎలక్ట్రాన్లు అనుకున్నాం," అంది వాసంతి. "కాదు. ఇవి ఎలక్ట్రాన్లే కావు. మూల గడిని ఒక్కసారి లెక్కపెట్టాలి. నేను నాలుగుసార్లు లెక్కపెట్టాను. తప్పు నాది."

కొత్త బొమ్మ వేసింది. తమ్ముడు చెయ్యి తీసేశాడు.

హైదరాబాదు పెద్దమనిషి కళ్ళజోడు తుడుచుకుని అడిగాడు. "ఈ తప్పు ఎలా బయటపడింది?"

వాసంతి నోరు తెరిచేలోగా గైడు గారు లేచారు. "మా గ్రూపులో అంతర్గత తనిఖీ పద్ధతి ఒకటి ఉందండి."

తలుపు దగ్గర అప్పలరాజు పక్కనున్న క్యాంటీన్ అతనితో అన్నాడు, అందరికీ వినపడేంత మెల్లగా. "ఉంది బావా. మొన్న రైలెక్కి వచ్చినాది."

పెద్దమనిషి ఇంకో ఏడాది పని చెయ్యాలని రాసి వెళ్ళాడు. కోణం తగ్గించి, పువ్వు పెంచి, మూలలు సరిగా లెక్కపెట్టి చూడమన్నాడు. సబ్బవరం ఉద్యోగం పోయింది. మా తమ్ముడు స్టేషనుకు వచ్చాడు గాని, నాతో మాట్లాడింది రైలు నంబరు ఒక్కటే.

ముప్పై ఒక్క ఏళ్ళలో మూల గడి దగ్గర నాకు దొరికిపోయిన ఆడవాళ్ళు ఎంతమందో ఉన్నారు. ఉతికితే ముడుచుకుపోయిందన్నారు. దారం నాసిదన్నారు. ఆ ముక్క అత్తగారు అల్లిందన్నారు. నన్నే కళ్ళజోడు మార్చుకోమన్నారు. "నేనే ఎక్కువ లెక్కపెట్టాను" అన్న మనిషి ఒక్కరూ లేరు. గడికి పావలా కూడా లేని రోజుల్లోనే లేరు.

వాసంతి ఆ మాట అన్నప్పుడు గడియారం చూసి రాసిపెట్టుకున్నాను. పదకొండు గంటల ఇరవై రెండు నిమిషాలు.